భైరన్న అనని మాట

ఆదివారం ఆరాధన అయ్యాక షాలిని తిన్నగా ఇంటికి వెళ్ళకుండా షీబా ఇంటికి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విప్పి, కుచ్చిళ్ళకంటిన బురద దులుపుకుంటూ, కూర్చోమనకముందే అడిగింది.

"వదినా, ఈవేళ ఆట పెట్టండి."

షీబా చేతిలో బియ్యం కడిగిన గిన్నె ఉంది. ఏ ఆటో అర్థమైంది. అర్థం కానట్టే నిలబడింది.

"ఏ ఆటే?"

"అదే, కోట ఆట. ఆయన బదులు నేను కూర్చుంటాను."

ఫిన్నీని సమాధి చేశాక ఆ ఆట మాట ఎవరూ ఎత్తలేదు. ఫిన్నీ అంటే షాలిని మొగుడు, షీబాకి పిన్ని కొడుకు. సెల్ టవర్లు బాగుచేసే పని అతనిది. ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున్న టెక్కలి వైపు పనికి బయల్దేరి, నరసన్నపేట దాటగానే హైవే పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దేశాడు. వాన లేదు, మంచు లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. అంత లారీ కనబడకుండా ఎలా పోతుందని ఇక్కడ వీళ్ళ పేటలో అందరూ అడిగారు. అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పుకున్నారు.

ఆ ఆటకి బోర్డు ఉండదు, గెలుపూ ఉండదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలొక మనిషి అవుతారు. తలుపు తీస్తానంటారు, గోడ దూకుతానంటారు. చెయ్యగలిగారో లేదో పాచికలు వేసి చూస్తారు. తలుపు వెనక ఏముందో కథ నడిపేవాళ్ళ ఒక్కరికే తెలుసు. షీబా తమ్ముడు స్టాన్లీ విశాఖలో చదివేటప్పుడు హాస్టల్లో నేర్చుకొచ్చాడు గానీ కథ నడపడం అతని వల్ల కాలేదు. దెయ్యం వచ్చే ముందు తనే నవ్వేసేవాడు. స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి గొంతు అలవాటైన షీబాకి ఆ పని పడింది. ఫిన్నీ, స్టాన్లీ, స్కూల్లో లెక్కలు చెప్పే ఝాన్సీ ఆడేవాళ్ళు. ఆదివారం మధ్యాహ్నాలు, మేడమీది గదిలో.

చివరగా నడిపింది భయం కథ. ఊబి మధ్య పాడుబడ్డ కోట. ఆ ఊబిలో పడి చచ్చినవాళ్ళ ఒంట్లోకి వేరేదేదో దూరి, వాళ్ళ నడక, వాళ్ళ నవ్వు అన్నీ పట్టుకుని మళ్ళీ మనుషుల్లో తిరుగుతుంది. జట్టులో ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. కథ ఇంగ్లీషు పుస్తకంలోది. నడపడం తేలిక కాదు. ఎవరికి ఏం తెలుసో, ఎవరికి ఏం తెలియకూడదో షీబా పప్పు తాలింపు వేస్తూ కూడా మనసులో సర్దుకుంటూ ఉండేది. కథ సగంలో ఉండగా ఫిన్నీ పోయాడు.

"ఇప్పుడెందుకే అది?" అంది షీబా.

షాలిని వంటింటి గట్టుకి చేరబడింది. మనిషి చిక్కింది. మెడలో గొలుసు వదులుగా వేలాడుతోంది.

"అత్తయ్య నాతో మాట్లాడటం లేదు వదినా. మీకు తెలుసు కదా. కంచంలో అన్నం పెట్టి గోడకి సెప్తారు, అన్నం పెట్టానని. ఆ రోజు పొద్దున్న మేమిద్దరం మాటామాటా అనుకున్నాం. ఏటో పెద్ద గొడవ కాదు. రాజాంలో మా అమ్మకి బాగోలేదు, ఆదివారం ఎల్దామంటే ఆట ఉందన్నారు. నేను కోపంతో పొయ్యి వైపు తిరిగి దోసె ఏస్తన్నాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి..." ఆగింది. "వస్తాను అనలేదు. పోతన్నాను అన్నారు."

షీబా గిన్నె కింద పెట్టింది.

"అత్తయ్య పెరట్లోంచి విన్నారు. నేను తిరిగి సూడలేదు. సూస్తే మొహంలో ఏటున్నాదో తెలిసీది. గొంతు మాత్రం ఆయన గొంతులా లేదు. ఏదో గొంతులో అడ్డం పడ్డట్టు. పెళ్ళాం అంత మాటన్నాది గనకే నా కొడుకు ఆ మాటని ఎల్లిపోనాడని అత్తయ్య మా పెద్దాడపడుచుతో ఫోన్లో సెప్తే విన్నాను. కావాలనే లారీని గుద్దీసినాడని పేటంతా అంటన్నారు. నాకూ అలాగే అనిపిస్తాది ఒక్కోసారి. ఆయన కావాలనే ఎల్లారా, కాదా? నాకు అదొక్కటే తెలియాలి."

"ఆటలో ఏం తెలుస్తాదే?"

"ఏమో. నాతో కన్నా మీతోనే ఎక్కువ మాట్లాడీవారు. ఆటలో ఆయన మనిషి ఆ కోటలోనే ఉండిపోయాడని స్టాన్లీ అన్నాడు కదా? ఆ భైరన్నో ఎవరో. అక్కడ్నించయినా బయటికి తెస్తాను."

పోతన్నాను అన్న ఆ మాట ఎక్కడిదో షీబాకి తెలుసు.

ఊబి దాటేటప్పుడు ఫిన్నీ ఆడే కత్తివీరుడు భైరన్న కాలుజారి పడ్డాడు. మిగతా ఇద్దరూ తాడువేసి లాగారు. లాగారనే అనుకున్నారు. పాచికలు మాత్రం వేరేలా పడ్డాయి. ఆ పాచికల అర్థం షీబా ఒక్కతే చూసింది. టీ పెట్టాలి రారా అని ఫిన్నీని కిందకి, ఇదే వంటింట్లోకి తీసుకొచ్చింది. ఒరే, నువ్వు సచ్చిపోనావు, వాళ్ళకి సెప్పకు, ఇకనుంచి నీ ఒంట్లో ఉన్నది వేరేది అంది. ఫిన్నీ మొహం వెలిగిపోయింది. మరి వాళ్ళెలా పట్టుకుంటారక్కా అన్నాడు. ఇంగ్లీషు పుస్తకంలో అలాంటివాళ్ళకి అద్దంలో నీడ పడదని ఉంది. షీబాకి అది నచ్చలేదు. తనే వేరే గుర్తు కల్పించింది. ఇల్లు కదిలేవాడెవడైనా వస్తాననే అంటాడు. తిరిగి రావడమన్నది లేనిదానికి ఆ మాట నోట రాదు. నువ్వు ఎక్కడ్నించి లేచినా వస్తాను అనకూడదు, పోతన్నాను అనాలి.

"కష్టమక్కా," అన్నాడు ఫిన్నీ, అల్లం దంచుతూ. "నోరు దానంతటదే వస్తానంటాది. ఇంట్లో కూడా అలవాటు సేసుకోవాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు అతని పెళ్ళాం అదే గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. చెప్పేయాలి. చెప్తే ఒక్క మాటలో అయిపోతుంది. కానీ ఆ ఒక్క మాట ఎక్కడ మొదలుపెట్టాలో షీబాకి తెలియలేదు. నీ మొగుడి ఆఖరి మాట నేనిచ్చిందే అని మొదలుపెట్టాలి. నోరు రాలేదు.

"మధ్యాహ్నం రా," అంది. "స్టాన్లీకి ఫోన్ చేస్తాను."

అన్నం వండుతున్నంతసేపూ మరో దారి కనబడింది. భైరన్న చచ్చిన సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు లేడు. కథ తనది. భైరన్న చావలేదంటే చావలేదు. ఊబిలోంచి లేచి వచ్చినవాడు మామూలు మనిషే. ఆ వేరేదాన్ని కోట కాపలావాడి ఒంట్లో పెట్టేస్తే సరిపోతుంది. షాలిని తన మొగుడి మనిషిని కోటలోంచి బయటికి తీసుకొస్తుంది, కాస్త ఏడుస్తుంది, ఇంటికి వెళ్తుంది. తర్వాతెప్పుడైనా తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పొచ్చు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. బంగాళాఖాతంలో తుఫానని పొద్దుటినుంచీ టీవీలో చెబుతున్నారు. మేడమీది గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. స్టాన్లీ, ఝాన్సీ వచ్చి కూర్చున్నారు. ఝాన్సీ ఊరినుంచి తెచ్చిన వేరుశెనక్కాయలు ఉడకబెట్టి మధ్యలో పెట్టింది. షీబా తలుపు వైపు కుర్చీలో, అందరి మొహాలూ కనబడేటట్టు కూర్చుంది.

"కోట కింద నేలమాళిగలో ఉన్నారు మీరు," అని మొదలుపెట్టింది. "మోకాళ్ళ దాకా నీళ్ళు. నీళ్ళు కదలడం లేదు. మీ వెనక మెట్లమీద ఎవరో దిగుతున్న చప్పుడు. మీరు ఆగితే అదీ ఆగుతోంది."

"నేను గోడకున్న వెండి దీపం పీకుతాను," అన్నాడు స్టాన్లీ. అతను ఆడేది దొంగ. పేరు పిల్లిగాడు.

"ప్రాణాలు పోతంటే దీపం ఏటిరా బాబూ?" అంది ఝాన్సీ. ఆమె ఆడేది వైద్యం తెలిసిన మంత్రగత్తె.

"బయటికెళ్ళాక నీ మందులకి డబ్బులెవరిస్తారు మరి?"

షాలిని చిన్నగా నవ్వింది. పాచికలు చేతిలో పట్టుకుని చూసింది. అందులో ఒకటి అంచు విరిగి ఉంది. ఫిన్నీ మేడమెట్ల మీద జారవిడిచింది. "నేనేం చెయ్యాలి వదినా?"

"నీకేం చేయాలనుందో చెప్పు."

"బయటికెళ్ళిపోతాను."

"ఇంత తొందరయితే ఆటేటుంటాది వదినా," అన్నాడు స్టాన్లీ. అంటూనే నాలుక కరుచుకున్నాడు.

షీబా దారి ఇచ్చింది. కావాలని తేలిగ్గా ఇచ్చింది. భైరన్నకి ఇనపతలుపు కనబడింది, గడియ తుప్పుపట్టి ఉంది, షాలిని పాచికలు వేస్తే మంచివే పడ్డాయి. గడియ ఊడింది. అవతల సన్నటి సొరంగం. ఒక్కొక్కరే వెళ్ళాలి. సొరంగం చివర సన్నగా వెలుతురు. మెట్లమీద చప్పుడు దగ్గరయింది. కోట కాపలావాడు వచ్చాడు, అతని కళ్ళల్లో రెప్ప ఆడడం లేదు. చచ్చినవాడు ఇతనేనని షీబా ఇంచుమించు విప్పి చెప్పేసింది. షాలిని కుర్చీ అంచుకి జరిగింది.

"ముందు నేను వెళ్తాను. సొరంగంలోకి దిగుతాను," అంది షాలిని. ఆమె కళ్ళల్లో ఎన్నాళ్ళకో ఒక ఆశ.

"ఆగండి," అన్నాడు స్టాన్లీ. "పిల్లిగాడు కత్తి తీశాడు. భైరన్నకి అడ్డంగా నిలబడ్డాడు."

"ఏటి స్టాన్లీ? నేనేటి చేశాను?"

"నువ్వు కాదు వదినా. భైరన్న. ఏమనుకోకు, ఆటలో మాట. అన్న ఉన్నప్పట్నించీ నాకు అనుమానమే. అక్కేదో కాపలావాడి మీదకి తోసేస్తంది గానీ, ఆ వేరేది భైరన్నలోనే ఉన్నాది."

"స్టాన్లీ, టీ తాగుదాం," అంది షీబా.

"ఉండక్కా, ఇప్పుడు కదా దొరికినావు! ఊబిలోంచి లేచినప్పట్నించీ అన్న ఒక్కసారయినా వస్తాను అన్నాడా? ఝాన్సీగారూ, మీరు చెప్పండి. మేమిద్దరం ప్రతిసారీ వస్తాననే అంటాం కదా? బావి దగ్గరికెళ్ళినా, మెట్లెక్కినా, అన్న పోతన్నాను, పోతన్నాను అనే అనీవాడు. అది మామూలుగా నోటొచ్చే మాట కాదు. అక్కే పెట్టుంటాది ఆ గుర్తు!"

గెలిచినట్టు బల్ల మీద కొట్టాడు. వేరుశెనక్కాయ తొక్కలు ఎగిరిపడ్డాయి. ఎవరూ నవ్వకపోయేసరికి చుట్టూ చూశాడు.

షాలిని చేతిలో పాచికలు అలాగే ఉన్నాయి.

"ఏటనీవారు?" అంది మెల్లగా.

"పోతన్నాను అని..."

"వదినా." షాలిని ఇటు తిరిగింది. "ఆయనకి ఆ మాట ఎవరు సెప్పారు?"

కథ నడిపేవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి దాచుకోవచ్చు. షీబా దగ్గర ఇక దాచుకోవడానికి ఏమీ లేదు.

"నేనే," అంది.

అప్పుడు చెప్పింది. పాచికలు ఎలా పడ్డాయో, వంటింట్లో ఏమనుకున్నారో, ఇంట్లో అలవాటు చేసుకోవాలన్న ఫిన్నీ మాటతో సహా. స్టాన్లీ మొహం తెల్లబోయింది. ఆ పొద్దున్న ఫిన్నీ గుమ్మంలో ఏమన్నాడో అతనికి ఇప్పుడే తెలిసింది. ఝాన్సీ లేచి షాలిని వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

షాలిని అడిగింది. "గొంతు ఎలాగ పెట్టీవారు?"

స్టాన్లీ అక్క వైపు చూశాడు. షీబా తల ఊపింది. అతను గడ్డం కిందకి నొక్కిపెట్టి, గొంతులో నీళ్ళు నిలిచినట్టు, లోపల్నించి అన్నాడు.

"పోతన్నాను."

షాలిని రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది. "అదే," అంది వేళ్ళ మధ్యనుంచి. "అదే గొంతు. నేను కోపమనుకున్నాను."

మళ్ళీ అడిగింది. "అలా అన్నాక మొహం ఎలా పెట్టీవారు?"

"నవ్వు ఆపుకునీవాడు వదినా," అన్నాడు స్టాన్లీ. "కింది పెదవి పళ్ళతో పట్టుకునీవాడు. మనం పట్టీసుకుంటామేమోనని కళ్ళు పక్కకి తిప్పీసీవాడు."

దోసె పెనం ముందు నిలబడి తను తిరిగి చూడని మొహం షాలినికి అలా దొరికింది. ఏడిచింది. ఏడుస్తూనే ఒకసారి నవ్వింది కూడా. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఎవరివైపూ చూడకుండా అంది.

"అయితే నా మీద కోపంతో అన్న మాట కాదు."

"కాదే."

"నాతో అన్న మాటా కాదు."

షీబా బల్లమీది తొక్కలు ఒక్కచోటికి చేర్చింది.

షాలిని లేచింది. "రండి వదినా. అత్తయ్యకి మీరే సెప్పాలి. నేను సెప్తే నమ్మరు."

పేటలో రెండు సందులు దాటితే షాలిని అత్త ఎలీసమ్మ ఇల్లు. చినుకులు మొదలయ్యాయి. ఎలీసమ్మ వరండాలో పీటమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. షీబాని చూసి పక్కన చోటు చూపించింది. కోడలు ఉందన్నట్టే చూడలేదు.

షీబా చెప్పుకొచ్చింది. ఆట అంటే ఏమిటో చెప్పడానికే చాలాసేపు పట్టింది. ఎలీసమ్మ గింజలు తీయడం ఆపలేదు.

"భైరన్నేటి?" అంది మధ్యలో. "బాప్తిస్మం తీసుకున్నోడికి ఆ పేరేటి?"

"ఆటలో పేరు పిన్నీ."

"మరి ఆ ఆటలో ఆడు సచ్చిపోనాడా?"

"అవును పిన్నీ. ఆటలో."

"డైసులేసి సూసినారా, సస్తాడా బతుకుతాడా అనీసి?"

"అవును."

చేతిలోని చింతపండు పళ్ళెంలో పడింది. "ప్రభువుని సిలవేసినోళ్ళు ఆయన బట్టల కోసం సీట్లేసుకున్నారు. మీరు నా కొడుకు పానం కోసమేసినారు. ముందు నువ్వు సంపీసినావే షీబా. సంపీసి, ఆడికి ఆ పోడం మాట నేర్పి ఇంటికంపినావు. తరవాత లారీ కాడికెల్లాడు."

"అత్తయ్యా, అది కాదు, వదిన..." అంది షాలిని.

"నువ్వుండు!"

ఆ కసురు షాలిని మీద పడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి గోడమీద కాకుండా మనిషి మీద పడింది. షీబా అది గమనించింది. అది ఉట్టి ఆట పిన్నీ, లారీకీ దానికీ ఏం సంబంధం అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఉంది. అది నిజం కూడా. అంటే ఎలీసమ్మ మళ్ళీ కోడలి వైపు తిరుగుతుంది. ఆ ముసలిదానికి తప్పు మోపడానికి ఎవరో ఒకరు ఉండాలి.

"అవును పిన్నీ," అంది షీబా. "నేనే నేర్పాను. షాలిని ఏమీ అనలేదు. వాడు కోపంతో వెళ్ళలేదు."

ఎలీసమ్మ ఊపిరి గట్టిగా తీసుకుంటూ కూర్చుంది. వాన జోరయింది. వరండా రేకుల మీద చప్పుడు.

"ఏటలా నిలబడిపోనావు?" అంది కోడలితో. "మేడమీద బట్టలు తడిసిపోతన్నాయి. నీ లంగాలు నేను తియ్యాలా?"

షాలిని ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత మెట్లకేసి పరిగెత్తింది.

షీబా లేచి నిలబడింది. ఇక ఈ గుమ్మం తనకి మునుపటిలా ఉండదని తెలుస్తూనే ఉంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతుంటే ఎలీసమ్మ వెనకనుంచి పిలిచింది. కేక కాదు. గొంతు బాగా తగ్గించి, మేడమీదకి వినబడకుండా.

"ఒలే షీబా."

"ఏటి పిన్నీ?"

"ఆ ఊబిలో..." ఎలీసమ్మ వేళ్ళు పళ్ళెం అంచు తడుముతున్నాయి. లారీ దగ్గర ఎవర్నీ ఆమె ఆ మాట అడగలేదు. పోలీసుల్ని అడగలేదు, ఆస్పత్రిలో అడగలేదు. "సాలాసేపు కొట్టుకున్నాడా?"

భైరన్న ఊబిలో పడ్డ ఆ మధ్యాహ్నం ఫిన్నీ పాచికలు వేస్తూనే ఉన్నాడు. పడుతూ, లేస్తూ, చెయ్యి పైకెత్తుతూ, మళ్ళీ మునుగుతూ. ఆటల్లోకెల్లా అదే పెద్ద ఘట్టం. అందరూ నిలబడి చూశారు.

"లేదు పిన్నీ," అంది షీబా. "వాడికి తెలియనే తెలియలేదు."

ఎలీసమ్మ తల ఊపింది. చింతపండు పళ్ళెం దగ్గరకి లాక్కుని, మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది.